సీటు పోయిన డ్రైవర్ సంగతి

గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకి షూమాకర్ పేరు కొత్త కాదు. 2004లో బహ్రెయిన్ సఖీర్ ట్రాక్ మీద జరిగిన మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు గెలిచింది ఆయనే. ఏడుసార్లు ప్రపంచ చాంపియన్. అంత మొనగాడికి 1991లో బెనెటన్ జట్టులో సీటు ఇవ్వడానికి ఎవర్ని లేపి పంపించారో మాత్రం ఎవరూ అడగరు. ఆ మనిషి పేరు రాబర్టో మొరేనో. బ్రెజిల్‌వాడు.

ఈయన గురించి రాసినవాళ్లంతా 'పాపం, దురదృష్టవంతుడు' అని తేల్చేస్తారు. ఈ మాటతోనే మాకు పేచీ. మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాన్ని అదృష్టం మీదకి నెట్టడం ఏం న్యాయం?

మొరేనోకి డబ్బున్న స్పాన్సర్ లేడు. ఉన్నదల్లా చేతిలో పని, చిన్ననాటి స్నేహితుడు నెల్సన్ పికే. 1982లో లోటస్ జట్టులో గాయపడ్డ నైజెల్ మాన్సెల్ బదులు ఒక్క రేసుకి పిలిచారు. తెలియని కారు, క్వాలిఫై కాలేదు. మళ్లీ ఫార్ములా వన్ గడప తొక్కడానికి ఐదేళ్లు పట్టింది. 1987లో ఎ.జి.ఎస్. అనే చిన్న జట్టుకి తొలి పాయింట్ తెచ్చిపెట్టాడు. 1988లో జేబులో డబ్బుల్లేకుండానే ఫార్ములా 3000 చాంపియన్ అయ్యాడు. ఆ రోజుల్లోనే ఫెరారీ కొత్త సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్సుని టెస్ట్ చేసిన డ్రైవర్లలో ఈయనొకడు. 1989లో ఆ గేర్‌బాక్స్‌తో మొదటి రేసే గెలిచి పేరు కొట్టేసింది ఎవరనుకున్నారు? ఆ మాన్సెలే.

1990 అక్టోబర్లో బెనెటన్ డ్రైవర్ నానీనీకి హెలికాప్టర్ ప్రమాదంలో చెయ్యి తెగింది. మొరేనో పనిచేస్తున్న జట్టు అప్పటికే మూతబడింది. రమ్మని కబురొచ్చింది, వెళ్లాడు. జపాన్‌లోని సుజుకాలో పికే మొదటి స్థానం, మొరేనో రెండో స్థానం. స్నేహితులిద్దరూ కావలించుకున్నారు, మొరేనో వెక్కి వెక్కి ఏడ్చాడు. వేరొకడి కష్టం వల్ల దొరికిన పని అది. ఆ ఏడుపులో సంతోషం ఒక్కటే ఉందని మేం అనుకోం.

1991 సీజన్‌కి అగ్రిమెంట్ రాసుకున్నారు. ఆగస్టులో బెల్జియంలో నాలుగో స్థానంలో వచ్చాడు, ఆ రేసులో అందరికన్నా వేగమైన ల్యాప్ కూడా ఈయనదే. అదే రేసులో జోర్డాన్ జట్టు తరఫున మొదటిసారి దిగిన కుర్రాడు షూమాకర్. క్లచ్ పోయి మొదటి ల్యాపులోనే ఆగిపోయాడు. అయినా పెద్దల కళ్లు ఆ కుర్రాడి మీదే పడ్డాయి. తర్వాతి రేసు మోంజాకి ముందే మొరేనోని దిగిపొమ్మన్నారు.

ఆయన ఊరుకోలేదు. అగ్రిమెంట్ కాగితం పట్టుకుని ఇటలీ కోర్టుకెళ్లాడు. కోర్టు ఆయన పక్షానే ఆర్డరిచ్చింది. చివరికి కొంత సొమ్ము తీసుకుని రాజీ పడి, షూమాకర్ ఖాళీ చేసిన జోర్డాన్ కారెక్కాడు. రెండు రేసుల తర్వాత అదీ పోయింది.

'డబ్బుకి లొంగిపోయాడు' అనేవాళ్లూ ఉన్నారు. మేం ఒప్పుకోం. అక్కర్లేదని మొహం మీదే చెప్పేసిన యజమాని దగ్గర, కోర్టు ఆర్డర్ చూపించి కారెక్కితే, ఆ కారుకి బోల్టులు బిగించేది ఎవరు? కేసు గెలిచి మళ్లీ అదే కంపెనీలో డ్యూటీకి వెళ్లడం ఎలా ఉంటుందో మన పాఠకులకి మేం చెప్పక్కర్లేదు. ఊళ్లో ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి, ఇక్కడికొచ్చాక ఇంకో కాగితం చూసినవాళ్లు మనలో ఎంతమంది లేరు! షూమాకర్ గొప్పవాడయ్యాడు కాబట్టి ఆ రోజు చేసిన పని సరైనదే అనడం ఇంకా అన్యాయం. ఆయన గొప్పతనం అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. మొరేనో దగ్గర మాత్రం సంతకం పెట్టిన కాగితం ఉంది.

తర్వాత కాలం మామూలు కష్టం కాదు. 1992లో ఆండ్రియా మోడా అనే జట్టులో చేరాడు. ఒక చెప్పుల వ్యాపారి నడిపిన జట్టది, సీజన్ పూర్తి కాకుండానే గెంటేశారు. అలాంటి కారుని మొనాకోలో చిట్టచివరి స్థానంలోనైనా క్వాలిఫై చేయించాడు. మా లెక్కలో అది కొందరి గెలుపులకన్నా పెద్దది. ఫార్ములా వన్‌లో మొత్తం 42 రేసులు, 15 పాయింట్లు.

అమెరికా వెళ్లాక ఆయనకి 'సూపర్ సబ్' అని పేరొచ్చింది. ఎవరికి దెబ్బ తగిలినా ఈయనకే ఫోను. 1999లో ఇద్దరి బదులు రెండు జట్లకి నడిపాడు. అది చూసే 2000లో ప్యాట్రిక్ జట్టు సొంత సీటు ఇచ్చింది. ఆ ఏడాది క్లీవ్‌లాండ్‌లో కార్ట్ సిరీస్‌లో తొలి రేసు గెలిచేనాటికి వయసు 41. సీజన్ మొత్తం మీద మూడో స్థానం. మరుసటి ఏడాది వాంకూవర్‌లోనూ గెలిచాడు.

2007లో ఇండియానాపొలిస్ 500 రేసుకి ముందు ఒక ఫ్రెంచ్ డ్రైవర్ గాయపడ్డాడు. మళ్లీ ఫోనొచ్చింది. 48 ఏళ్ల మొరేనో హెల్మెట్ తీసుకుని బయల్దేరాడు.