పంపేవాడికి పేరుంది, మరి అందుకునేవాడికి?



బ్యాంకు మెసేజి వస్తే పైన పది అంకెల నంబరు కనిపించదు, ఇంగ్లీషు అక్షరాల పేరు కనిపిస్తుంది. మన ఇళ్లలో అమ్మీలు, ఖాలాలు దాన్ని చూసి పరేషాన్ అవుతారు గానీ, ఆ పేరు ట్రాయ్ రూల్స్ ప్రకారం ముందే రిజిస్టర్ చేయించుకున్నది. దాని ముందుండే రెండక్షరాల్లో మొదటిది టెలికాం కంపెనీకి గుర్తు, రెండోది ప్రాంతానికి. 2025 నుంచి చివర ఇంకో అక్షరం కూడా వస్తోంది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. "మీ ఖాతా బంద్ అవుతుంది" అని మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తే మాత్రం షక్ చేయాల్సిందే.

అంటే పంపేవాడి మీద నిఘా బాగానే ఉంది. అందుకునేది ఎవరో ఎవరు చూస్తున్నారు? ఎవరూ చూడరు. ఆ సిమ్ ఎవరి ఫోన్‌లో ఉంటే మెసేజి వాళ్లకే చేరుతుంది.

ఇది మన వైపు చిన్న విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి రోజీ కోసం కువైట్, ఖతర్, సౌదీ వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు, డ్రైవర్లు ఎంతమంది! అక్కడ దిగగానే ఆ దేశం సిమ్ వేసుకుంటారు. ఇక్కడి సిమ్ పెట్టెలో పడి ఉంటుంది. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ మూసేయవచ్చు. మూసేశాక కనీసం మరో 90 రోజులు ఆగి, దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

కొన్నవాడు చోర్ కాదు పాపం, దుకాణంలో కొత్త సిమ్ అడిగాడంతే. మా ఆపా అలాగే ఒకటి కొన్నది. నెలల తరబడి ఎవరో అజ్నబీ తాలూకు అప్పు కిస్తీలు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు ఆమె ఫోన్‌కే వచ్చాయి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇంటి పరదా ఆమె ముందు తొలగిపోయింది. అవే మెసేజీల్లో ఓటీపీ కూడా వస్తుందని గుర్తుంచుకోండి.

ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 నవంబరులో కోర్టు పిటిషన్‌ను ముగిస్తూ, పాత నంబరు మీది వాట్సాప్ ఖాతా తీసేసుకుని తన ప్రైవసీ తాను కాపాడుకోవడం వాడకందారుడి జిమ్మేదారీ అన్నది. ఫైసలా మీద అదబ్ ఉంది, కానీ నాకు సగమే నచ్చింది. వాట్సాప్ సరే. బ్యాంకు పంపే ఖబర్‌ను ఎడారిలో పన్నెండు గంటలు వెల్డింగ్ చేసే మనిషి ఎలా ఆపుతాడు? రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో, రద్దయిన నంబర్ల జాబితాతో తమ రికార్డులు సరిచూసుకోమని బ్యాంకులకు చెప్పింది. అసలు బరువు ఉండాల్సింది అక్కడే.

అలాగని కూర్చోలేం. సఫర్‌కు ముందు బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్ కనెక్షన్‌లో ఉన్న నంబరు ఏదో చూడండి. అది ఇంట్లో రోజూ వాడే నంబరైతే మంచిది, వీలైతే బీవీ పేరునే సిమ్ తీయించండి. పాత నంబరే ఉంచాలనుకుంటే రీచార్జి బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి, తారీఖుతో సహా. ఇప్పటికే వెళ్లిపోయిన వాళ్లకు ఈ రాత్రే ఫోన్ చేసి, "భాయ్, నీ ఇండియా నంబరు ఇంకా నడుస్తోందా?" అని అడగండి.