ఊరకే కూర్చున్నవాళ్ళు

ఆర్కెస్ట్రా సీజనులో అది మొదటి కచేరీ అనుకోండి. బీతోవెన్ అయిదో సింఫనీ మొదలయింది, వయొలిన్లు ఉరుముతున్నాయి. వెనక వరుసలో ట్రాంబోనులనే ఇత్తడి బూరాలు పట్టుకున్న ముగ్గురు మాత్రం ఊరకే కూర్చున్నారు. ‘వీళ్ళకూ జీతమేనా?’ అనిపిస్తుంది.

1808లో వియన్నాలో తొలిసారి వినిపించిన ఈ కృతికి నాలుగు భాగాలు. మొదటి మూడింటిలో ట్రాంబోనుకు ఒక్క స్వరమైనా లేదు. ఇరవై నిమిషాలు దాటిన మౌనం! పెదవి బిగుసుకుంటుంది, బూరా చల్లబడుతుంది. చప్పుడు కాకుండా అందులోకి వెచ్చని ఊపిరి ఊదుతూ, పురోహితుడి సైగకోసం కాచుకున్న మేళగాళ్ళలా కండక్టరునే చూస్తూంటారు. మూడో భాగం ఆగకుండానే నాలుగోదానిలో కలిసిపోతుంది. అక్కడ తొలి స్వరమే బిగ్గరగా పలకాలి. తడబడితే హాలంతా వింటుంది.

ఇంట్లో ఎవరినైనా ‘ఊరకే కూర్చున్నావు’ అనబోయేముందు, వారి వంతు వచ్చిందో లేదో చూడండి.