అర్ధశక్తి: సాధకుని వ్యాయామానికి ప్రథమ సూత్రం

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల భక్తజనులకు తిరుమల దూరదేశం కాదు. ఏడుకొండలవానిని కాలినడకన దర్శించుకొంటామని మ్రొక్కుకొనే కుటుంబాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి. అలిపిరి మార్గంలో సోపానాలు 3,550. శ్రీవారి మెట్టు మార్గంలో 2,388. సంవత్సరమంతా అంగడిలోనో కార్యాలయంలోనో కూర్చుండి, ఒక్క శనివారంనాడు ఆ సోపానాలను అధిరోహించడానికి ఉపక్రమించే భక్తుని శ్రద్ధను ఎవరూ శంకింపనక్కరలేదు. ఆలోచింపవలసినది అతని శరీరసిద్ధతను గురించి. హృద్రోగం, ఉబ్బసం వంటి వ్యాధులున్నవారు నడకదారిన రావద్దని దేవస్థానమే హెచ్చరించింది. మ్రొక్కు ఒక్క క్షణంలో కలుగుతుంది; దానిని తీర్చగల దేహం మాసాల అభ్యాసంతో గాని సిద్ధించదు.

ఇక్కడ సాధకులలో ఒక సందేహం ఉదయిస్తుంది. "దేహం నేను కాను" అని విచారణ చేసేవానికి వ్యాయామమెందుకు? దేహపోషణను కోరుతూ ఆత్మదర్శనాన్ని ఆశించేవాడు, మొసలిని దుంగ అనుకొని పట్టుకొని నదిని దాటబోయేవాని వంటివాడని శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి హెచ్చరిస్తున్నది గదా! ఈ ఆక్షేపం తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అద్దం ముందు కండరాలను చూచుకొని మురిసిపోవడమే వ్యాయామమైతే ఆ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

అయితే అనుభవాన్ని పరిశీలిస్తే మరొక సత్యం గోచరిస్తుంది. నడుమునొప్పితో బాధపడేవాడు అర్ధఘటిక జపానికి కూర్చుంటే, అతని మనస్సు మంత్రంపై కంటె వెన్నుపైననే ఎక్కువసేపు నిలుస్తుంది. ఆయాసపడేవానికి ప్రాణాయామం పరీక్షగా మారుతుంది. రోగగ్రస్తమైన దేహం క్షణక్షణం తనను జ్ఞాపకం చేస్తూనే ఉంటుంది. స్వస్థమైన దేహం మరుపుకు వస్తుంది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతో పోల్చింది. రథి రథం కాడు. కాని ఇరుసు విరిగిన రథంతో గమ్యం చేరడు. మొసలి దేహాభిమానమే, దేహసంరక్షణ కాదు.

ఈ విషయంలో మదనపల్లె సీమకే చెందిన ఒక మహనీయుని జీవితం స్మరణీయం. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యంలో మలేరియా జ్వరాలతో కృశించినవాడు. సోదరుడు నిత్యానంద క్షయవ్యాధితో 1925లో మరణించాడు. అట్టి దుర్బల శరీరంతో ఆరంభించిన కృష్ణమూర్తి 1986 ఫిబ్రవరిలో, 90 ఏళ్ళ వయస్సులో దేహం చాలించారు. ఆయన బి.కె.ఎస్. అయ్యంగారు వద్ద, తరువాత టి.కె.వి. దేశికాచార్ వద్ద ఆసన ప్రాణాయామాలను అభ్యసించారు; వార్ధక్యంలోను నిత్యం నడిచేవారు. దీర్ఘాయువుకు వ్యాయామమే కారణమని నిర్ణయించడం సాహసమవుతుంది. ఇందులో గ్రహింపదగిన అంశం వేరు. గురువులను, పద్ధతులను, ఆధ్యాత్మిక అధికారాన్ని నిరాకరించిన ఆ తత్త్వవేత్త, ఆసనాల విషయంలో మాత్రం తనకంటె చిన్నవారి ముందు విద్యార్థిగా నిలిచాడు. అదే సమయంలో ఆసనాభ్యాసాన్ని ధ్యానమని భ్రమించలేదు. శరీరానికి దాని భాగం దానికి ఇచ్చి, అంతతో విడిచిపెట్టాడు. ఆయన బోధను అంగీకరించని ఆస్తికులు కూడ ఈ వివేకాన్ని స్వీకరించవచ్చు.

ఇక నూతనంగా ఆరంభించేవాడు ఎంతమాత్రం చేయాలి? ఈ ప్రశ్నకు ఆయుర్వేదం చెప్పిన సమాధానం ఒక్క పదం: అర్ధశక్తి. బలవంతుడైనవాడు సైతం శీతకాలంలోను వసంతంలోను తన శక్తిలో సగంవరకే వ్యాయామం చేయాలని, ఇతర ఋతువులలో అంతకంటె తగ్గించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. ఆ సగాన్ని కొలిచేదెలా? హృదయస్థానంలోని వాయువు నోటికి చేరడం, అనగా నోటితో ఊపిరి తీయవలసి రావడం, అర్ధబలానికి గుర్తు అని సుశ్రుతుడు చెప్పాడు. నడుస్తూ మాటలాడగలిగినంత వేగమే మితమైన వేగమని నేటి వైద్యులు చెప్పే పరీక్ష దీనికి ఎంతో సన్నిహితం. చేతికి గడియారం లేనివానికి, వ్యాయామశాలకు రుసుము చెల్లింపలేనివానికి కూడ ఈ కొలత అందుబాటులో ఉంది. శక్తిని మించి వ్యాయామం చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహంవలె నశిస్తాడని కూడ వాగ్భటుడు అన్నాడు. కౌండిన్య అభయారణ్యపు ఏనుగులను ఎరిగిన పలమనేరువాసులకు ఈ ఉపమానం వివరింపనక్కరలేదు.

ఏ పద్ధతిని ఎన్నుకోవాలనే విషయంలో హఠయోగప్రదీపిక ఇంకొక దీపం చూపుతుంది. యోగాన్ని నాశనం చేసే ఆరింటిలో అత్యాహారం, అతిప్రయాసం, నియమాగ్రహం, లౌల్యం అనే నాలుగూ ప్రారంభకుని దోషాలే. మొదటి వారంలోనే 108 సూర్యనమస్కారాలకు పూనుకోవడం అతిప్రయాసం. జ్వరంతో ఉన్ననాడు కూడ క్రమం తప్పరాదని పట్టుబట్టడం నియమాగ్రహం. ఈ వారం పరుగు, వచ్చే వారం బరువులు, ఆపై ఫోనులో చూచిన మరొక పద్ధతి, ఇది లౌల్యం. ఈ చివరిదే నేటి కాలంలో అత్యంత ప్రబలమైన విఘ్నం. ఉత్తమమైన వ్యాయామం ఏదని ఏడాదిపాటు విచారించేవానికంటె, సామాన్యమైనదానిని ఏడాదిపాటు ఆచరించినవాడే లాభపడతాడు.

అధికారిభేదం ఇక్కడను ఉంది. టమోటా తోటలో పగలంతా వంగి పనిచేసే స్త్రీకి, మల్బరీ ఆకు మోసే పట్టురైతుకు కావలసినది మరింత శ్రమ కాదు; విశ్రాంతి, వెన్నును సడలించే కొన్ని ఆసనాలు. బెంగళూరు కొలువులో కుర్చీకి అంటుకొనిపోయిన వారి కుమారునికి కావలసినది నడక, బలం. ఇద్దరికీ ఒకే క్రమాన్ని ఉపదేశించేవాడు వైద్యుడూ కాడు, ఆచార్యుడూ కాడు.

కూర్చొని జీవించే ప్రారంభకునికి సుగమమైన క్రమం ఇది. మొదటి రెండు వారాలు రోజూ 10 నుండి 15 నిమిషాల నడక, నోరు తెరువకుండ ఊపిరి సాగే వేగంతో. తరువాత వారానికి 3, 4 నిమిషాల చొప్పున పెంచుతూ, వారంలో అయిదు రోజులు 30 నిమిషాల వరకు చేరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన వారానికి 150 నిమిషాల కనిష్ఠ పరిమాణం దీనితో పూర్తవుతుంది. ఆ సంస్థయే వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే అభ్యాసాలను కూడ చేర్చింది. వాటికై పరికరాలు వెదకనక్కరలేదు. వినాయకుని ముందు తీసే గుంజీళ్ళే కాళ్ళకు బలం. గోడకు చేతులానించి చేసే దండీలు భుజాలకు బలం. ఎనిమిదితో ఆరంభించి, సులభమైనప్పుడే సంఖ్య పెంచాలి. సూర్యనమస్కారాలు మూడు చాలు. తిరుమల మ్రొక్కు ఉన్నవారు రెండు మూడు నెలల ముందునుండే వారానికి రెండుమార్లు మెట్లెక్కి దిగడం అలవరచుకోవాలి. మోకాళ్ళను పరీక్షించేది దిగడమే. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలుపెట్టాలి. అడవి అంచు గ్రామాలవారు చీకటి తొలగిన తరువాతనే నడకకు బయలుదేరడం క్షేమం; ఆ దారి ఏనుగులది కూడ.

గీత పదునెనిమిదవ అధ్యాయంలో సాత్త్విక సుఖాన్ని గూర్చి చెప్పిన లక్షణం ఈ అభ్యాసానికి చక్కగా అన్వయిస్తుంది. అది ఆదిలో విషంలా ఉండి పరిణామంలో అమృతమవుతుంది. మొదటి మాసంలో కాళ్ళనొప్పి, లేవలేని ఉదయాలు తప్పవు. శరీరాన్ని పీడించే తపస్సును అదే గీత పదునేడవ అధ్యాయంలో నిందించింది గనుక, ఆ కష్టం పీడగా మారకుండ చూచుకొనే బాధ్యతయు సాధకునిదే. ఒకనాడు తప్పితే మరునాడు నిశ్శబ్దంగా కొనసాగించాలి. పశ్చాత్తాపంతో రెట్టింపు చేయరాదు.

ఇట్లు సిద్ధమైన దేహంతో అలిపిరి పాదాల మండపం వద్ద నమస్కరించి బయలుదేరిన భక్తునికి, మోకాళ్ళను గూర్చిన చింత కొంత తగ్గి, నామస్మరణకు అవకాశం పెరుగుతుంది. ఈ మార్గంలో వ్యాయామానికి ఇంతకంటె అధిక ప్రయోజనాన్ని సాధకుడు కోరనక్కరలేదు.

స్వస్తి.