సైన్యపు లెక్కల తాళం ఎవరి చేతిలో?

మోప్కా నుండి బిలాస్‌పూర్ యార్డుకు డ్యూటీకి వెళ్లే మన సోదరులకు కోర్బా బొగ్గు రేక్‌లు కొత్త కాదు. అప్పుడప్పుడు ఈ మార్గాన సాగే సైనిక ప్రత్యేక రైళ్లూ కొత్త కాదు. సైన్యం కదలాలంటే సరుకు కదలాలి, సరుకు కదలాలంటే దాని లెక్క సరిగా ఉండాలి. ఈ సత్యాన్ని రైల్వే, తపాలా ఉద్యోగులకు వేరొకరు బోధించనక్కరలేదు. 1972 మార్చి 1న ప్రత్యేక దళంగా ఏర్పడిన సైనిక తపాలా సర్వీసులో నేటికీ తపాలా శాఖ నుండి డెప్యుటేషన్‌పై వెళ్లిన మన సోదరులు పనిచేస్తున్నారు.

కనుక సైనిక సరఫరా లెక్కలను వాణిజ్య సంస్థల 'క్లౌడ్'లోనికి తరలించే ధోరణిని మనం దూరదేశపు వార్తగా భావించరాదు. క్లౌడ్ అనగా ఆకాశంలోని మేఘం కాదు. వేరొకరి భవనంలో, వేరొకరి యంత్రాలపై, అద్దె చెల్లించి మన లెక్కలను ఉంచుకొనడమే క్లౌడ్. అమెరికా వైమానిక దళం 1960ల నాటి మూలాలు గల తన సరఫరా వ్యవస్థను కోబాల్ భాష నుండి తిరగవ్రాయించి అమెజాన్ క్లౌడ్‌కు తరలించింది. ఆ దేశపు రక్షణ శాఖ 2022 డిసెంబరులో అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ కంపెనీలతో 900 కోట్ల డాలర్ల వరకు పరిమితి గల ఒప్పందం కుదుర్చుకున్నది.

పాత యంత్రాల నిర్వహణ భారమైనదనీ, పాత భాషలు తెలిసినవారు తగ్గిపోతున్నారనీ ఈ మార్పును సమర్థించేవారు చెబుతారు. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. యంత్రానికి మేము శత్రువులం కాము. మా ప్రశ్న ఒక్కటే: లెక్కలు తరలిన పిమ్మట తాళం ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదని 2025 జూలై నెల నిరూపించింది. మన దేశంలోనే గుజరాత్‌లోని వాడినార్ వద్ద నయారా ఎనర్జీ చమురుశుద్ధి కర్మాగారం ఉన్నది. ఐరోపా సమాఖ్య దానిపై ఆంక్షలు విధించగానే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసింది. ఉత్తరప్రత్యుత్తరాలు స్తంభించాయి. భారతదేశపు చట్టం ఏదీ ఆ ఆంక్షలను విధించలేదు. రుసుము చెల్లించిన సేవలే ఆగిపోయాయి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిన కొద్ది రోజులకు గాని సేవలు పునరుద్ధరింపబడలేదు. యుద్ధ సమయంలో మందుగుండు లెక్కకో, ఔషధాల లెక్కకో ఇట్టి గతి పడితే న్యాయస్థానానికి వెళ్లే వ్యవధి ఉంటుందా?

అదే నెలలో అమెరికాలో మరొక సంగతి బయటపడింది. ఆ దేశపు రక్షణ శాఖ క్లౌడ్ నిర్వహణలో చైనాలోని ఇంజనీర్లకు మైక్రోసాఫ్ట్ పాత్ర కల్పించినట్లు ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వెల్లడించింది. వారిపై నిఘాకు నియమితులైన కాంట్రాక్టు సిబ్బందిలో కొందరి వేతనం కనీస వేతనానికి కొంచెమే ఎక్కువ. తాము ఎక్కిస్తున్న ఆదేశాలలో దోషమున్నదో లేదో పరిశీలించే సాంకేతిక జ్ఞానం వారిలో అనేకులకు లేదు. గగ్గోలు పుట్టిన తరువాత కంపెనీ ఆ ఏర్పాటును మానుకున్నది. చవక కాంట్రాక్టు పని దేశభద్రతకే ముప్పు తేగలదని కార్మిక సంఘాలు చెబితే వినని పాలకులకు ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

దీనికి మార్గాంతరం లేదా? ఉన్నది. దానిని మన శాఖలే చూపాయి. 1986లో స్థాపితమైన క్రిస్ సంస్థ రూపొందించిన 'కాన్సర్ట్' రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమలైనది. సరకు రవాణా లెక్కలు నడిపే 'ఫోయిస్' బాధ్యత కూడా క్రిస్‌దే. తపాలా శాఖ 2012, 2013 సంవత్సరాలలో కంప్యూటరీకరణ కొరకు ఇన్ఫోసిస్, టీసీఎస్ కంపెనీలకు వందల కోట్ల రూపాయల కాంట్రాక్టులు ఇచ్చింది. కాగా 2025 ఆగస్టులో దేశమంతటా అమలైన కొత్త వ్యవస్థను శాఖకు చెందిన తపాలా సాంకేతిక కేంద్రమే నిర్మించింది. అది ప్రభుత్వ క్లౌడ్ 'మేఘరాజ్'పై నడుస్తున్నది. తొలి దినాలలో వేగం మందగించి అనేక చోట్ల కౌంటర్ సిబ్బంది ప్రజల ఆగ్రహానికి గురియైనారు, దానిని దాచనక్కరలేదు. కాని లోపాన్ని సవరించే జ్ఞానం శాఖలోనే ఉన్నది.

ప్రభుత్వ భవనంలో ఉంచినంత మాత్రాన సర్వం సురక్షితమని కూడా మేము భ్రమపడము. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. తపాలా సేవలతో సహా 600కు పైగా వ్యవస్థలు నిలిచిపోయాయి. ప్రభుత్వోద్యోగుల ఫైళ్లను భద్రపరచిన ఒక వ్యవస్థకు వేరొక చోట ప్రతి లేనందున అందలి సమాచారం బూడిదైపోయింది. ప్రభుత్వ యాజమాన్యం అవసరమే, కాని అది జాగ్రత్తకు బదులు కాజాలదు.

కనుక సైన్యానికి గాని, రైల్వేకు గాని, తపాలాకు గాని సంబంధించిన లెక్కలను తరలించే ముందు ప్రభుత్వం నాలుగు షరతులను పాటించాలని మేము కోరుతున్నాము. సమాచారపు రహస్య తాళాలు ప్రభుత్వోద్యోగుల స్వాధీనంలోనే ఉండాలి. పూర్తి ప్రతిని వేరొక నగరంలో ఉంచి, దానితో పని నడపగలమో లేదో నియమిత కాలంలో పరీక్షించాలి. ఒప్పందం ముగిసిననాడు సమాచారాన్ని తిరిగి తెచ్చుకొనే మార్గం తొలినాడే వ్రాతపూర్వకంగా ఉండాలి. ఈ వ్యవస్థలను నడిపేవారు శిక్షణ పొందిన శాశ్వతోద్యోగులై ఉండాలి. తరలింపు పేరిట ఒక్క పోస్టు కూడా రద్దు కారాదు.

నాలుగవ షరతు మన ఉద్యోగాల కొరకు మాత్రమే కోరుతున్నది కాదు. తెర చీకటియైననాడు కూడా ఏ వ్యాగన్ ఏ లైనులో ఉన్నదో, ఏ సంచి ఏ బండికి ఎక్కినదో చెప్పగలవారు శాఖలో మిగిలి ఉండాలి. ఆ జ్ఞానాన్ని ఏ కంపెనీ వద్దా అద్దెకు తీసుకొనలేము.