కన్సల్టెన్సీకి కట్టే డబ్బు బస్సు ఛార్జీకి దాచుకోండి

డిగ్రీ అయ్యాక నేను ముందు వెతికింది ఉద్యోగాన్ని కాదు, ఉద్యోగం ఇప్పిస్తానన్న మనిషిని. విశాఖలో ఒక కన్సల్టెన్సీ. మెట్ల కింద చిన్న గది, గోడ నిండా కంపెనీల పేర్లు. నాలుగు వేలు కట్టాను. అమ్మ ఆ ఏడు మిరియాలు అమ్మి దాచిన డబ్బు అది. పది రోజులు తిప్పి ఒక ఫార్మా కంపెనీకి పొమ్మన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా కాగితం చూసి, "దీనికి డబ్బులెందుకు కట్టావు బాబూ? రెజ్యూమేలు ఇక్కడ మేమే తీసుకుంటాం గదా" అన్నాడు.

ఆ కంపెనీ నా ఫోన్లోనే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో గేటు ఫొటోతో సహా ఉంది. మ్యాప్ అంటే దారి తప్పినప్పుడు చూసేదని అనుకున్నాను, అంతే.

మనలో చాలామంది ప్రైవేటు ఉద్యోగాలకి ఎందుకు దిగాల్సి వచ్చిందో మీకు తెలుసు. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాటం నడుస్తూనే ఉంటుంది. కానీ బీఈడీ చేసినవాళ్లు, బీఎస్సీ చేసినవాళ్లు అందాకా ఏం తింటారు? సరిగ్గా ఈ సందులోనే బ్రోకర్ దూరాడు.

పట్నం పిల్లలకి కంపెనీలో ఒక మావయ్యో బాబాయో ఉంటాడు. ఖాళీ పడగానే ఆయన ఇంటికొచ్చి చెప్తాడు. చిన్న ల్యాబులు, హోటళ్లు, వర్క్‌షాపులు పేపర్లో ప్రకటనలు ఇవ్వవు, ఉన్న పనివాళ్లకే "ఎవరైనా ఉంటే తీసుకురా" అంటాయి. మనకి ఆ మావయ్య లేడు. ఆయన బదులు మనం మ్యాప్ వాడుకోవాలి. మ్యాప్‌కి ఖాళీల సంగతి తెలియదు. పని ఇచ్చేవాడు ఎక్కడున్నాడో, ఫోన్ నంబరేంటో మాత్రం చెప్తుంది. ఖాళీ ఉందో లేదో మనమే అడగాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మ్యాప్ తెరిచి "జాబ్స్" అని కొడతారు. అలా కొడితే వచ్చేవి మళ్లీ ఆ కన్సల్టెన్సీలే! ఉద్యోగం పేరు కాదు, పని జరిగే చోటు పేరు కొట్టండి. కెమిస్ట్రీ చదివితే అచ్యుతాపురం మీదికో పరవాడ మీదికో మ్యాప్ జరిపి "ఫార్మా కంపెనీ" అని వెతకండి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేస్తే "డయాగ్నస్టిక్ సెంటర్". ఐటీఐ ఫిట్టర్లు గాజువాక, ఆటోనగర్ చూడండి. పక్కకి జరిపిన ప్రతిసారీ "ఈ ప్రాంతంలో వెతుకు" అన్నది నొక్కితే కొత్త పేర్లు వస్తాయి. ఒక్కోదాన్నీ తెరిచి ఫొటోలు, రివ్యూలు చూడండి. చివరి రివ్యూ నాలుగేళ్ల కిందటిదైతే అది మూతపడి ఉండొచ్చు. వెబ్‌సైట్ ఉంటే అందులో "కెరీర్స్" పేజీ ఉందేమో చూడండి. మ్యాప్‌లో నంబరు, వెబ్‌సైట్‌లో నంబరు ఒకటేనా అన్నది తప్పక సరిపోల్చుకోండి. మ్యాప్‌లో తప్పుడు నంబర్లు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఎత్తినవాడు రిజిస్ట్రేషన్ అనో యూనిఫాం డిపాజిట్ అనో డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.

ఫోన్ చేయడమే మనకి కష్టం. నాకూ అంతే. మన యాసకి అవతలివాళ్లు నవ్వుతారని మొదటిరోజు నంబరు నొక్కి మోగకముందే కట్ చేశాను. తర్వాత నోటుబుక్కులో రాసుకుని చదివాను: "నమస్తే అండీ, నేను బీఎస్సీ కెమిస్ట్రీ పాసయ్యాను. ప్రొడక్షన్‌లో గానీ క్వాలిటీ కంట్రోల్‌లో గానీ ఖాళీలున్నాయా? రెజ్యూమే ఎవరికివ్వాలి?" చాలామంది ఎత్తరు, కొందరు విసుక్కుంటారు. ఎవరో ఒకరు "గురువారం రండి" అంటారు. ఆ మనిషి పేరు అడిగి రాసుకోండి. గేటు దగ్గర ఆ పేరు చెప్తే లోపలికి పంపే అవకాశం ఎక్కువ.

పాడేరు నుంచి ఘాట్ దిగితే ఒక రోజు కూలి పోయినట్టే. కాబట్టి ఒక్క కంపెనీ కోసం దిగకండి. దగ్గర దగ్గరగా ఉన్నవి ఐదారు మ్యాప్‌లో సేవ్ చేసుకుని ఒకే రోజు తిరగండి. అచ్యుతాపురం పోవడానికి విశాఖ దాకా వెళ్లక్కర్లేదు, చోడవరం మీదుగా అనకాపల్లి చేరి అక్కణ్నించి వెళ్లొచ్చు. ఇది నాకు మ్యాప్ చూశాకే తెలిసింది. ఆ ప్రాంతం మ్యాప్‌ని ముందే ఆఫ్‌లైన్‌కి దించుకోండి, డేటా అయిపోయినా దారి కనిపిస్తుంది.

ఇంకో మాట, ముఖ్యంగా చెల్లెళ్లకి. చేరబోయే చోటు లొకేషన్ ఇంటికి పంపండి. హాస్టల్ ఎంత దూరమో, రాత్రి షిఫ్టు ఉంటే బస్సు ఎవరు పెడతారో ముందే అడగండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మనవాడు ఏ కంపెనీలో, ఏ షెడ్డులో ఉన్నాడో బ్రోకర్‌కి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియని పరిస్థితి ఉండకూడదు. కంపెనీ రోల్ మీద తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్ కిందా అన్నది కూడా అడగండి. కాంట్రాక్టర్ కిందైతే అతని పేరు రాసుకోండి. అతను జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని చట్టంలోనే ఉంది.

ఇక కొండ దిగకుండానే చేయాల్సిన వెతుకులాట ఒకటుంది. మ్యాప్‌ని అరకు మీద పెట్టి "రిసార్ట్" అని కొట్టండి. ఎన్ని గుర్తులు వస్తాయో చూడండి! ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మరి ఇవన్నీ ఎవరివి, ఎవరి భూమిలో ఉన్నాయి? ఆ ప్రశ్న ఎవర్ని అడగాలో వాళ్లని విడిగా అడుగుదాం. ముందు వీటికి ఫోన్ చేసి ఉద్యోగాల సంగతి అడగండి. దుప్పట్లు ఉతకడానికి, గదులు ఊడవడానికి మనవాళ్లు కావాలి, రిసెప్షన్‌లో కూర్చోడానికి మాత్రం కింది నుంచి మనిషిని తెచ్చుకుంటామంటే ఎలా? డిగ్రీ ఉన్నవాళ్లు ఇక్కడే ఉన్నారని వాళ్లకి చెప్పండి. ఏ రిసార్టు ఏమందో రాసి పెట్టుకోండి, ఆ కాగితం మనకి తర్వాత పనికొస్తుంది.

వచ్చే సంత రోజు మధ్యాహ్నం, సరుకులు కొనడం అయ్యాక, వీలున్నవాళ్లు బస్టాండు దగ్గర కలవండి. ఒక గంట కూర్చుని తలో పది నంబర్లు తీద్దాం, అక్కడే రెండు ఫోన్లు చేద్దాం. ఛార్జింగ్ పెట్టుకుని రండి. నోటుబుక్కు, పెన్ను మర్చిపోకండి.