మెటల్ పేరు కాదు, ఆ రెండు నంబర్లు చెప్పండి!

పోయినేడు నా ఫోన్ వంగింది. కింద పడి కాదు, జీన్స్ వెనక జేబులో పెట్టుకుని బైక్ మీద కూర్చున్నందుకు. టేబుల్ మీద పెడితే ఇప్పటికీ అటూ ఇటూ ఊగుతుంది. బాక్స్ మీద మాత్రం 'ప్రీమియం మెటల్ ఫ్రేమ్' అని రాసుంది! అప్పటి నుంచి స్పెక్స్‌లో మెటల్ పేరు కనిపిస్తే నాకు ఒకటే డౌట్: ఎంత బలం? విరిగే ముందు ఎంత సాగుతుంది?

ఈ రెండూ వేరు వేరు. బైండింగ్ వైర్ ఎలా తిప్పితే అలా వంగుతుంది, అది డక్టిలిటీ. హ్యాక్సా బ్లేడ్ అంత తేలిగ్గా లొంగదు, అది స్ట్రెంగ్త్. కానీ మరీ వంచితే టప్పున విరుగుతుంది. మెటల్ లోపల పరమాణువుల వరసలు జారితేనే అది వంగుతుంది. జారకుండా అడ్డుకుంటే బలం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల్సిందే. మెటలర్జీలో ఇది పాత తలనొప్పి.

దీనికి మందు వెతుకుతున్న చోటే హై-ఎంట్రోపీ అల్లాయ్స్. మామూలు అల్లాయ్‌లో ఒక మెటల్ హీరో, మిగతావి సైడ్ క్యారెక్టర్లు. వీటిలో అలా కాదు, మల్టీస్టారర్. 2004లో తైవాన్‌లో యే, ఇంగ్లండ్‌లో బ్రయాన్ కాంటర్ విడివిడిగా ఈ ఐడియాని బయటపెట్టారు. కాంటర్ అల్లాయ్‌లో క్రోమియం, మాంగనీస్, ఐరన్, కోబాల్ట్, నికెల్ ఐదూ సమానమే. మన దగ్గరా దీని మీద గట్టి పనే జరిగింది. ఈ సబ్జెక్ట్ మీద 2014లో వచ్చిన పుస్తకం రాసిన వాళ్లలో బి.ఎస్. మూర్తి ఒకరు. ఆయన 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్ అయ్యారు.

అసలు మజా ఇక్కడుంది. కాంటర్ అల్లాయ్‌ని మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిస్తే బలమూ పెరిగింది, సాగే గుణమూ పెరిగింది. లోపల స్ఫటికాల్లో అద్దంలో బొమ్మల్లాంటి జంట పొరలు ఏర్పడతాయి. అవి జారుడుని అడ్డుకుంటాయి, అదే టైమ్‌లో ఒత్తిడి ఒకే చోట పడకుండా పంచుతాయి. 2018లో ఇంకో వింత. టైటానియం, జిర్కోనియం, హాఫ్నియం, నయోబియం కలిపిన అల్లాయ్‌లో 2 శాతం ఆక్సిజన్ చేర్చారు. మామూలుగా ఆక్సిజన్ ఎక్కువైతే ఇలాంటి మెటల్ పెళుసైపోతుంది. ఇక్కడ మాత్రం బలం సుమారు 48 శాతం పెరిగింది, సాగే గుణం దాదాపు రెట్టింపైంది!

అయితే వచ్చే ఏడాది మన ఫోన్లన్నీ వీటితోనే చేసేయాలా? వద్దు అనే అంటాను. కాంటర్ అల్లాయ్ క్యూబిక్ సెంటీమీటర్‌కి సుమారు 8 గ్రాములు, అల్యూమినియం 2.7 మాత్రమే. ఫ్రేమ్ మొత్తం దీంతో చేస్తే జేబులో బండరాయే. పైగా గది ఉష్ణోగ్రత దగ్గర అది శాశ్వతంగా వంగిపోవడానికి చాలే ఒత్తిడి, ఫోన్లలో వాడే గ్రేడ్ 5 టైటానియంతో పోలిస్తే సుమారు సగమే. సాగడంలో మాత్రం టైటానియం దాని దరిదాపుల్లోకి రాదు. అంటే ఇంత పేరున్న అల్లాయ్ కూడా జేబులో వంగకుండా ఉండే పోటీలో టైటానియం చేతిలో ఓడిపోతుంది. ఫోల్డబుల్ హింజ్‌లోని చిన్న భాగాలకైతే ఇలాంటి అల్లాయ్స్ ట్రై చేయొచ్చు, అక్కడ బరువు పెద్ద సమస్య కాదు.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. 'ఏరోస్పేస్ గ్రేడ్' లాంటి డైలాగులు ఆపి, ఏ బరువు దగ్గర వంగుతుందో, ఎంత సాగాక విరుగుతుందో రెండూ స్పెక్ షీట్‌లో వేయండి. ఫ్రేమ్ మందం, డిజైన్ కూడా ముఖ్యమేగా అంటారా? నిజమే. అలాగైతే పూర్తి ఫోన్‌నే వంచి, ఆ నంబర్ చెప్పండి. రేపు ఎవరైనా స్టేజ్ మీద 'హై-ఎంట్రోపీ ఫ్రేమ్' అని ఊదరగొట్టినా మనం అడగాల్సింది ఇదే. డిస్‌ప్లే కోసం నిట్స్ నేర్చుకున్నాం, బ్యాటరీ కోసం ఎంఏహెచ్ నేర్చుకున్నాం. మెగాపాస్కల్ నేర్చుకోలేమా ఏంటి?