నకలు కాగితం మీది గుర్తులు

పొదటూరుపేటలో మా వీధి చివర మగ్గం నేసే పెద్దాయన ఒకరు ఆరు నెలలు కడుపుమంటకు అంగడి మందు తాగారు. తీరా పట్నం పోయి గొట్టం వేయించుకుని చూస్తే జీర్ణాశయంలో కేన్సరని తేలింది. ఇంగ్లీషు చదవగలమని ఆసుపత్రి చీటీ మా చేతికిచ్చి, "ఏమప్పా, మా తాత ముత్తాతల్లో ఎవురికీ లేదే, నాకెట్లా వచ్చె?" అన్నారు.

మేము గుమాస్తాలం, మాకు తెలిసిన దారిలోనే చెప్పాము. కణంలోని డి.ఎన్.ఏ. రికార్డు రూములోని అసలు దస్తావేజు. పని జరగడానికి దాని నకలు తీస్తారు; అది ఆర్.ఎన్.ఏ. అసలులో అక్షరాలు చెడితే కేన్సరు పుడుతుందని చాలా కాలంగా తెలిసినదే. అయితే నకలు అంచున పెద్దలు పెన్సిలుతో గీసే గుర్తులున్నూ వుంటవి గదా! ఆర్.ఎన్.ఏ. మీద అటువంటి రసాయనపు గుర్తులు నూటికి పైగా రకాలున్నవి. వాటిలో ముఖ్యమైన ఒక మిథైలు గుర్తును 1974లో కనుగొన్నది ఎలుక కాలేయపు కేన్సరు కణాలలోనే. దాన్ని వేసే మెట్టిల్-3 అనే ఎంజైము జీర్ణాశయం, పెద్దప్రేగు, కాలేయం కేన్సర్లలో తరచు మితిమీరి కనబడుతున్నది. అక్షరం ఒక్కటీ మారకుండానే, పెరగమనే కాగితం నిలుస్తుంది, ఆగమనే కాగితం చిత్తుబుట్టకు పోతుంది. పెన్సిలు గీతకు ఫైళ్లు ఎట్లా కదులుతవో ఎరిగిన మాకు యిది వింతగా తోచలేదు.

యీ గుర్తును చెరిపే ఎంజైమున్నూ వున్నదని 2011లో తేలింది. మెట్టిల్-3కు అడ్డుపడే మందును 2022లో రోగులపై పరీక్షించడం మొదలుపెట్టారు. పరీక్ష వేరు, వైద్యం వేరు.

పెద్దాయన చీటీలో వున్న పేర్లు ఫ్లోరోయురాసిల్, లూకోవోరిన్. మొదటిది 1957 నాటిది. డి.ఎన్.ఏ. తయారీని ఆపడం దాని పని, ఆర్.ఎన్.ఏ.లోనూ జొరబడి, అక్కడ గుర్తు వేసే ఒక ఎంజైమును పట్టి బిగిస్తుందని తరువాత తెలిసింది. రెండవది దానికి బలం చేకూర్చేది, ఫోలిక్ ఆమ్లపు జాతిది. ఆ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. యీ మాట చెప్పగానే పెద్దాయన చీటీని మళ్ళీ తీసుకుని, చదవలేకపోయినా, కాసేపు చూశారు.

పొగాకు, ఉప్పు మిక్కుటమైన తిండి, కడుపులో పుండు చేసే హెలికోబాక్టర్ క్రిమి, యివన్నీ కారణాలవుతవనీ, ఎక్కువమందికి యిది వంశంనుంచి రాదనీ చెప్పాము.

"అయితే నా పిల్లోళ్ళకు రాదనేనా?"

డాక్టరుగారిని అడగవలసిన మొదటి ప్రశ్నగా చీటీ వెనుక రాసి యిచ్చాము. తుండుగుడ్డలో మూటకట్టుకుని తెల్లవారి తిరుత్తణి బస్సుకు వెళ్లారు.